కీళ్ళనొప్పియు ఇంటిపనియు

కీళ్ళనొప్పి గల మనిషి ఇంటిపనిని ఎట్లు నడపుకొనవలెనను విషయమును గూర్చి నేడు మీతో ముచ్చటింప దలచితిని. నాకు వైద్యవృత్తి లేదు. చరిత్ర చదువుట నాకు చిరకాలపు అలవాటు. కీళ్ళవాతము పన్నెండేండ్లుగా నా వెంటనున్నది. హైదరాబాదునకు తూర్పున, నాచారములో, నాలుగవ అంతస్తున నా నివాసము. వంట, పాత్రలు తోముట, బట్టలు, నీరు, ఈ పనులన్నియు నా చేతుల మీదుగనే జరుగుచున్నవి. కావున ఈ విషయమున నాకు తెలిసినది కొంత పుస్తకముల వలనను, కొంత వ్రేళ్ళ నొప్పి వలనను తెలిసినది.

కోటలు కట్టించిన రాజుల చరిత్ర మనకు లభించును. ఆ కోటలోని భటులకు పిండి విసరిన చేతుల చరిత్ర లభించుట అరుదు. అయినను రోలు, రోకలి, విసుర్రాయి, చేద, కవ్వము మొదలగు పరికరములను పరికించి చూచినచో ఆ చేతులు పడిన పాటు కొంత తెలియును. పనిముట్టు ఎట్లున్నదో దానిని పట్టిన దేహము అట్లు వంగవలసి వచ్చెను. నేను చెప్పబోవు చరిత్ర అంతయు ఈ వంపును గూర్చినదే.

మీలో వరంగల్లు, యాదగిరిగుట్ట బాటల నుండి నగరమునకు వచ్చువారు పెక్కుమంది బస్సు దిగునది ఉప్పలులోనే. 2017లో మెట్రో రైలు వచ్చిన పిదప ఉప్పలు నగరమునకు తూర్పు వాకిలి వంటిదైనది. మూసీనదికి ఉత్తరపు వైపున నున్న ఈ ఉప్పలును, దానికి ఉత్తరమున నున్న నాచారమును ఒకప్పుడు పల్లెలు. ఉప్పలునకు నల్లచెరువు, నాచారమునకు పెద్దచెరువు నేటికిని ఆనవాళ్ళుగ నిలిచి యున్నవి. 1961లో జాతీయ భూభౌతిక పరిశోధనాలయము ఏర్పడి ఉప్పలు బాటమీద స్థిరపడెను. తరువాత కణజీవశాస్త్ర పరిశోధనాలయము వచ్చెను. పారిశ్రామిక వాడలు వెలసెను. 2007లో ఈ రెండు ఊళ్ళును మహానగర పాలక సంస్థలో కలిసిపోయెను. ఒక తరములోనే పొయ్యి పోయి గ్యాసు, బావి పోయి కొళాయి, పెంకుటిల్లు పోయి అంతస్తుల మేడ వచ్చెను. అందుచేత ఇంటిపని మారిన తీరు చూడగోరువారికి ఈ ప్రాంతము మంచి పాఠశాల.

అప్పటి పల్లెలో ఇల్లాలి దినచర్య యెట్టిదో మీకు నేను చెప్పనక్కరలేదు. తెల్లవారక మునుపే లేచి వాకిలి ఊడ్చి సానుపు చల్లవలెను. బావి కేగి నీరు చేదవలెను. జొన్నపిండి నిలువ యుంచినచో చేదెక్కును గనుక జొన్నలను తరచుగా విసరుకొనవలెను. వడ్లు దంచవలెను. వేడినీళ్ళు పోసి పిండి మర్దించి, రొట్టెను అరచేతితో చరచవలెను. నేలమీది పొయ్యి యెదుట గొంతుకూర్చుండి వండవలెను. పాత్రలను బూడిదతో తోమి, పొయ్యి అలుకవలెను. ఈ పనులలో అధికభాగము నేలమట్టమున, మోకాళ్ళు ముడిచి, నడుము వంచి చేయునవే. యౌవనమున ఇవి వ్యాయామమని కొందరందురు. మోకాలి కీలులోని మెత్తని పొర అరిగిన వారికిని, వ్రేళ్ళ కీళ్ళు వాచిన వారికిని ఇవియే శిక్షలు.

కీళ్ళనొప్పి కొత్త జబ్బు కాదు. చరకసంహితలో వాతవ్యాధులను చెప్పుచోట సంధిగత వాతము కలదు. ఏడవ ఎనిమిదవ శతాబ్దుల కాలపువాడైన మాధవకరుడు తన మాధవనిదానమున ఆమవాతమునకు వేరుగ ఒక అధ్యాయమునే కేటాయించెను. మన పల్లెలలో అన్నిటిని కలిపి వాతమనుచున్నారు. ఒకే పేరు పెట్టుట వలన ఒక చిక్కు వచ్చినది. వేరువేరు జబ్బులను ఒకటే యనుకొని, "వయసు మీరినది, ఓర్చుకొనుము" అనుట అలవాటైనది.

ముఖ్యమైనవి రెండు. మొదటిది కీళ్ళ అరుగుదల. ఎముకల కొనలను కప్పియుండు మెత్తని పొర క్రమముగా పలుచబడి, ఎముకకు ఎముక రాచుకొను దశ వచ్చును. ఇది వయసుతో హెచ్చును. మోకాళ్ళకు, నడుమునకు, బొటనవ్రేలి మొదటికి తరచుగా వచ్చును. పని చేసిన కొలది నొప్పి పెరిగి, విశ్రాంతితో తగ్గును. ఉదయమున కొంచెము బిగుసుకొనినను అరగంటలో సడలును. రెండవది రుమటాయిడ్ కీళ్ళవాతము. ఇంగ్లండు వైద్యుడు ఆల్ఫ్రెడ్ గారడ్ 1859లో దీని కా పేరు పెట్టెను. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే దారి తప్పి కీళ్ళ లోపలి పొరపై దాడి చేయుట దీని లక్షణము. ఇది ముప్పది నలుబది యేండ్ల వారికిని వచ్చును. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడింతలు అధికము. రెండు చేతుల వ్రేళ్ళ కీళ్ళును ఒకేసారి వాచును. తెల్లవారి లేచినది మొదలు గంటసేపు, అంతకు మించియు, పిడికిలి ముడువబడదు.

ఈ భేదము నేను విస్తరించి చెప్పుటకు కారణము కలదు. అరుగుదల నిదానముగ నడచును. రెండవ జబ్బు మొదటి ఒకటి రెండేండ్లలోనే కీలును చెడగొట్టగలదు. ఒకసారి చెడిన కీలు తిరిగి పూర్వస్థితికి రాదు. మీ యింట ముప్పదియైదేండ్ల కోడలు ఉదయము లేవగానే చెంబు పట్టలేకపోవుచున్న దనుకొనుడు. అది సోమరితనము కాదు, వయసు కాదు. ఆరు వారములు దాటి వాపు నిలిచియున్నచో కీళ్ళ వైద్యునికి చూపవలసిన జబ్బు.

నల్లగొండ వైపు నుండి వచ్చిన వారికి మూడవ మాట యొకటి చెప్పవలెను. నీటిలో ఫ్లోరైడు మితిమీరినచోట ఎముకలు, కీళ్ళు బిగుసుకొనిపోవును. 1937లోనే షార్ట్ అను వైద్యాధికారియు ఆయన సహచరులును నెల్లూరు మండలములో ఈ వ్యాధిని వర్ణించిరి. మా నాచారమునకు పొరుగున తార్నాకలో నున్న జాతీయ పోషకాహార సంస్థవారు నల్లగొండ ప్రాంతపు పిల్లలలో మోకాళ్ళు లోపలికి వంగుటను 1973లో ప్రకటించిరి. దీనికి మందు మాత్రలో లేదు. మంచినీటిలో కలదు. కావున కీళ్ళనొప్పి అనగానే ఒకే నూనె, ఒకే కషాయము అందరికిని చెప్పుట తగదు.

ఈ బాధ యెంత విస్తారమైనదో తెలియుటకు ఒక లెక్క చెప్పుదును. 1996లో పూనా సమీపమున భిగ్వాన్ అను పల్లెలో వైద్యులు ఇల్లిల్లు తిరిగి విచారించిరి. పెద్దవారిలో సుమారు నూటికి 18 మందికి కండరముల, కీళ్ళ బాధలు కలవని తేలెను. మన యూళ్ళు దాని కంటె మిక్కిలి భిన్నమైనవని నాకు తోచదు.

మందుల చరిత్రలో రెండు ఘట్టములు మీరు తెలిసికొనదగినవి. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో వైద్యాలయమున ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు కీళ్ళవాతముతో మంచము పట్టిన యొక యువతికి కొత్త ద్రవ్యమును సూదిద్వారా ఇచ్చెను. కొలది దినములలో ఆమె లేచి నడచెను. ఆ ద్రవ్యము పేరు కార్టిసోన్. 1950లో హెంచ్‌నకును, కెండాల్, రైష్టీన్ అను రసాయన శాస్త్రజ్ఞులకును నోబెల్ బహుమానము వచ్చెను. లోకము ఇక కీళ్ళవాతము పోయినట్లే యనుకొనెను. కాని ఆ మందును దీర్ఘకాలము వాడినవారికి ఎముకలు గుల్లబారుట, మధుమేహము, రక్తపుపోటు పెరుగుట మొదలగు కీడులు కనబడెను. నేడు దానిని వైద్యులు కొలత ప్రకారము, అవసరమైనంత మట్టుకే ఇచ్చెదరు. సంతలలో పేరు లేని పొట్లములలో అమ్ము చూర్ణములందు స్టెరాయిడ్లు కలిపిన సంగతులు మనదేశమున బయటపడినవి. ఒక్క మోతాదుతో నొప్పి మాయమైనచో సంతోషింపక, అందేమి కలదో అడుగుడు.

రెండవ ఘట్టము మన తెలుగువానిది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి, అమెరికాకు వెళ్ళి హార్వర్డులో పరిశోధన చేసి, 1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరిరి. ఆయన నాయకత్వమున అచటి శాస్త్రజ్ఞులు ఫోలికామ్లమును తయారుచేసిరి. తరువాత దాని పనిని అడ్డగించు ద్రవ్యములను కూడ తయారుచేసిరి. వానిలో ఒకటి మెథొట్రెక్సేట్. సుబ్బారావుగారు 1948లోనే మరణించిరి. మొదట రక్తపు కాన్సరునకు ఉద్దేశింపబడిన ఈ వర్గపు మందులు కొద్ది మోతాదులో కీళ్ళవాతమును శాంతింపజేయునని తరువాత తెలిసెను. 1988లో అమెరికా ప్రభుత్వము మెథొట్రెక్సేట్‌ను కీళ్ళవాతమునకు అంగీకరించెను. నేడు రుమటాయిడ్ కీళ్ళవాతమునకు వైద్యులు మొదట తలచు మందులలో ఇది ముఖ్యమైనది. దీనిని వారమున కొక దినము మాత్రమే వేసికొనవలెను. పొరపాటున దినదినము వేసికొన్నచో ప్రాణాపాయము. మిగిలిన దినములలో వైద్యుడు చెప్పినట్లు ఫోలికామ్లము మింగుదురు. గర్భిణులు ఈ మందును వాడరాదు. ఒకే తెలుగువాని నాయకత్వమున తయారైన రెండు ద్రవ్యములు, ఒకటి రోగమునకు, మరియొకటి ఆ మందు వలని కీడును తగ్గించుటకు, ఒకే పెట్టెలో నున్నవి. నేను సోమవారమున మాత్ర చేతబట్టినప్పుడు భీమవరము గుర్తుకు వచ్చుచుండును.

మందు కీలును కాపాడును గాని బిందె నెత్తదు. ఇక పనిముట్ల సంగతికి వత్తము.

మన పూర్వుల పరికరములను నేను రెండు కుప్పలుగా విభజించుకొంటిని. మొదటి కుప్పలో దేహపు బలమైన కీళ్ళకు పని చెప్పునవి గలవు. బావిమీది గిలక చూడుడు. నీటి బరువును నడుముతో పైకి లాగుటకు బదులు మనిషి తన దేహభారముతో క్రిందికి లాగును. కావడి చూడుడు. వ్రేళ్ళమీద పడవలసిన బరువు భుజమునకు చేరి రెండు వైపులకు సమముగ పంచబడును. స్తంభమునకు కట్టి త్రాటితో చిలుకు కవ్వము చూడుడు. మణికట్టు తిరుగదు, రెండు భుజములు వంతుల వారీగా లాగును. విసుర్రాతికి ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా కూర్చుండి పాటతో విసరుట కూడ ఈ కుప్పలోనిదే. పాట ఊపిరికి తాళము వేసెను, రెండవ మనిషి బరువులో సగము మోసెను.

రెండవ కుప్పలో చిన్న కీళ్ళను నలిపివేయునవి గలవు. ఒంటిచేత కారము నూరు రాయి, గంజి వార్చుటకు నిండు గిన్నెను మణికట్లతో వంచుట, వ్రేళ్ళతో అదిమి పట్టవలసిన పట్టకారు, తడిబట్టను మెలిపెట్టి పిండుట, పొట్టి చీపురుతో వంగి ఊడ్చుట. వీని నన్నిటిని ఆడువారి పనులనియే లోక మెంచుట వలన కాబోలు, ఎవరును మార్పు తలపెట్టలేదు. పొలమునకు నాగలి మారెను, మోట పోయి మోటారు వచ్చెను. చీపురు మాత్రము పొట్టిగనే యుండెను.

ఇతర దేశములందును ఇట్లే జరిగెను. అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అనునాయన ఇటుక పేర్చు తాపీపనివాని కదలికలను లెక్కించి, 18 కదలికలను సుమారు 5కు తగ్గించెను. 1924లో ఆయన మరణించెను. ఆయన భార్య లిలియన్ పన్నెండుగురు బిడ్డల తల్లి, స్వయముగ ఇంజనీరు. ఆమె అదే విద్యను వంటయింటిలోనికి తెచ్చెను. గట్టు ఎత్తు వండు మనిషి ఎత్తునుబట్టి యుండవలె ననియు, తరచు వాడునవి చేతికందునంత దూరములో నుండవలె ననియు ఆమె బోధించెను. 1940ల చివర హృద్రోగము గల గృహిణుల కొరకు ప్రత్యేకమైన వంటయిల్లు రూపొందించుటలో ఆమె పాల్గొనెను. 1955లో హవార్డ్ రస్క్ అను వైద్యుడును ఆయన సహచరులును అంగవైకల్యము గల గృహిణులకు ఇంటిపని నేర్పుటకై న్యూయార్కులో ఒక గ్రంథము వెలువరించిరి. 1965లో జాయ్ కార్డెరీ అను చికిత్సకురాలు కీళ్ళను కాపాడుకొను సూత్రములను క్రోడీకరించి వ్రాసెను. చిన్న కీలు చేయు పనిని పెద్ద కీలునకు అప్పగింపుము, ఒకే భంగిమలో చాలసేపు నిలువకుము, నొప్పి చెప్పుచున్న మాట వినుము అనునవి అందలి భావములు. ఇవి చదివినప్పుడు గిలకయు కావడియు చేయు పని యిదియే గదా యని నాకు తోచెను. మన పెద్దలు చేసి చూపినదానికి వారు సూత్రము వ్రాసిరి.

మన దేశమున యంత్రములు కొంత ఊరట తెచ్చినవి. మొదట వచ్చినది పిండి గిర్ని. విసుర్రాతి పని చాలవరకు దానితో తీరెను. 1955 ప్రాంతమున కోయంబత్తూరులో పప్పు రుబ్బు గ్రైండరు పుట్టెను. 1963లో సత్యప్రకాశ్ మాథుర్ అను ఇంజనీరు బొంబాయిలో మన పప్పులకు, మసాలాలకు తట్టుకొను మిక్సీని రూపొందించుటకు పూనుకొనెను. ఇంటనున్న విదేశపు యంత్రము చెడిపోవుటయే అందుకు కారణము. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపము పథకముచే పేద స్త్రీలకు గ్యాసు ఇప్పించెను. 2016లో కేంద్ర ప్రభుత్వపు ఉజ్జ్వల పథకము వచ్చెను. గ్యాసుపొయ్యితో వంట నేలనుండి గట్టుమీదికి లేచెను. మోకాళ్ళ పక్షమున చూచినచో ఇది సామాన్యమైన మార్పు కాదు.

అయితే యంత్రములు తెచ్చిన కొత్త బరువులు కూడ కలవు. మా నాచారములో త్రాగునీరు 20 లీటర్ల డబ్బాలో అమ్ముదురు. అనగా 20 కిలోల బరువు. దానిని బల్లమీది కెత్తి తలక్రిందులుగ బోర్లించుట విసుర్రాయి కంటె కఠినము. గ్యాసు బండలో గ్యాసే 14.2 కిలోలు, ఇనుము కలిసి ముప్పది కిలోలకు దరిదాపు. కుక్కరు మూత, సీసాల బిగువు మూతలు బొటనవ్రేలికి శత్రువులు. పైగా మునుపు విసుర్రాతి కెదురుగ కూర్చున్న రెండవ మనిషి నేడు లేదు. పిల్లలు దూరదేశములలో నున్నారు. యంత్రము వచ్చెను, తోడు పోయెను.

ఇక నేను నా యింట చేయు పద్ధతులు చెప్పుదును. ఇవి ఖర్చులేనివి గనుక పల్లెలలోను సాధ్యములు.

తెల్లవారగానే పనికి దిగను. కీళ్ళు సడలువరకు గోరువెచ్చని నీటిలో చేతులు ముంచి, పిడికిలి మెల్లగ ముడుచుచు విప్పుచు ఉందును. బరువుపనులు పది గంటల తరువాత పెట్టుకొందును. ఒకే దినమున బట్టలు, ఇల్లు తుడుచుట, పచ్చడి అన్నియు తలపెట్టను. ఒక పని నడుమ పది నిమిషములు కూర్చుందును. నొప్పి వచ్చిన పిదప ఆగుట కంటె, రాకమునుపే ఆగుట లాభకరము.

గంజి వార్చుట మానితిని. కొలతనీటితో అన్నము అత్తెసరు పెట్టుదును. మన పెద్దలు ఎఱిగిన పద్ధతియే యిది. మణికట్లకు దీనిని మించిన మేలు లేదు. పప్పు ఉడికిన గిన్నె నెత్తక, గట్టుమీద తడిగుడ్డ వేసి దానిపై ప్రక్కకు జరుపుదును. పట్టకారు బదులు రెండు దళసరి గుడ్డలతో రెండు అరచేతులు ఆనించి పట్టుదును. గరిటె పిడికి పాతగుడ్డ చుట్టి లావు చేసితిని. లావైన పిడిని వ్రేళ్ళు గట్టిగ బిగించి పట్టనక్కరలేదు. కూరలు కత్తిపీటమీద నేల కూర్చుండి తరుగక, ఎత్తుబల్ల దగ్గర కుర్చీలో కూర్చుండి తరుగుదును.

నీటి డబ్బాను నేనెత్తను. తెచ్చిన కుఱ్ఱవానిచేతనే బల్లమీద, క్రింద కొళాయి గల పాత్రలో పోయింతును. సంచి వ్రేళ్ళకు తగిలింపక ముంజేతిమీద వేసికొందును, లేక రెండు భుజములకు తగిలించు సంచి వాడుదును. బట్టలు మెలిపెట్టి పిండక, దండెముమీద వేసి నీరు కారనిత్తును. దూళ్ళకు నిడుపాటి పిడి గల చీపురు తెచ్చుకొంటిని. మోకాలు నొచ్చువారు చేతికఱ్ఱను నొచ్చుకాలి వైపున కాక, రెండవవైపు చేత పట్టవలెనని వైద్యులు చెప్పుదురు. మరుగుదొడ్డిలో కూర్చుండుటకు ఎత్తుపీట, లేచుటకు గోడకు పట్టుకొను కడ్డీ కలిగించుట మోకాళ్ళ రోగులకు నిత్యసౌఖ్యము.

వంటగట్టు కట్టించువారు మేస్త్రీ చెప్పిన కొలతకు ఒప్పుకొనరాదు. వండు మనిషిని నిలువబెట్టి మోచేయి మడిపించి, ఆ మోచేతి కంటె నాలుగు అంగుళములు క్రిందుగ షాబాదుబండ వేయింపుడు. రెండు అంగుళముల తేడా ఇరువది యేండ్ల నడుమునొప్పికి హేతువగును.

పని పూర్తిగ మానివేయుట కూడ మంచిది కాదు. కదలని కీలు బిగుసుకొనును, దాని చుట్టునున్న కండ క్షీణించును. తొడకండ బలముగ నున్నచో మోకాలికి భారము తగ్గును. కుర్చీలో కూర్చుండి కాలు ముందునకు చాచి, పది లెక్కించి దింపుట చాలును. దినమునకు కొంత నడక, దేహభారము తగ్గించుకొనుట అరుగుదల గల మోకాలికి మందుతో సమానము. ఎఱ్ఱగ వాచి వెచ్చనైన కీలునకు మాత్రము ఆ దినమున విశ్రాంతి నీయవలెను. వైద్యము కావలసినవారికి నగరమున సాధనములు కలవు. కార్మిక బీమా గల కుటుంబములకు నాచారములోనే ఈఎస్‌ఐ ఆసుపత్రి యున్నది. పంజగుట్టలో 1960వ దశకమున నిజాము ధర్మనిధిచే ఎముకల వైద్యాలయముగ మొదలై, తరువాత నిమ్స్‌గ మారిన సంస్థలో కీళ్ళవాతమునకు ప్రత్యేక విభాగము కలదు.

పెద్దలారా! ఇక మీతో నేరుగ చెప్పవలసిన మాట యొకటి మిగిలినది. 2011 జనాభా లెక్కలలో ఇంటిపని మాత్రమే చేయు స్త్రీని పని చేయనివారి పట్టికలో చేర్చిరి. 2019లో ప్రభుత్వమువారే మనుష్యులు కాలము గడపు తీరును లెక్కించిరి. ఇంటిపని చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు, చేయు పురుషులు 97 నిమిషములు వెచ్చించుచున్నట్లు తేలెను. ఇంటిపనికి చేయి వేయు పురుషులే తక్కువమంది. అయిదు గంటల పని చేయుచు, పని చేయనివారని పిలువబడు మనిషికి వ్రేళ్ళు వాచినచో, సెలవు ఎవరు ఇత్తురు? జీతము లేని పనికి సెలవును లేదు, పింఛనును లేదు.

ఎడ్లకు కాలు నొచ్చినచో ఏ రైతును నాగలి కట్టడు. కాడిని సరిచేయించును, నాలుగు దినములు నిలిపి మందు వేయించును. ఇంటిలో ఏబది యేండ్లుగ రొట్టె చరచిన చేతులకు అంతపాటి విచారణ చేయుట మన విధి. గట్టు ఎత్తు, కొళాయి చోటు, చీపురు పిడి, ఏ వైద్యుని యొద్దకు ఎప్పుడు వెళ్ళవలెనన్నది, ఇవన్నియు మన యిండ్లలో ఇంటిపెద్ద నిర్ణయము మీదనే జరుగుచున్నవి. డబ్బు చేతనున్న వానికి నొప్పి లేదు, నొప్పి యున్న మనిషి చేత డబ్బు లేదు. ఈ యెడము తగ్గినచో జబ్బు సగము తేలికయగును.

ఈ వారములో మీరు మూడు పనులు చేయ వేడుచున్నాను. మీ యింట తెల్లవారి గంటసేపు చేయి ముడువలేనివా రున్నారేమో అడిగి తెలిసికొనుడు. ఉన్నచో వారిని వైద్యుని యొద్దకు మీరే వెంటబెట్టుకొని పోవుడు. రెండవది, ఇంటిలో కెల్ల బరువైన రెండు పనులను, నీటి బిందెయు తడిబట్టలును అనుకొందము, మగవారు తమవిగ చేసికొనుడు. మూడవది, వంట చేయు మనిషిని పిలిచి, వంటయింటిలో ఏ వస్తువు చేతికందుటలేదో, ఏది వంచుచున్నదో చెప్పించుకొని, దానిని మార్చుడు. ఈ మూడింటికి పెద్ద సొమ్ము కావలసినది లేదు. విసుర్రాతి కెదురుగ ఒకప్పుడు రెండవ మనిషి కూర్చుండెడిది. ఆ చోటు ఇప్పుడు మన యిండ్లలో ఖాళీగ నున్నది. అందు మనము కూర్చుండవలెను.